పంపమంటారా సార్?

"సాయంత్రం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం నాకు కుదరదని అమ్మకి చెప్పు," అన్నారు మా ఆయన, ఈరోజు పొద్దున బూట్లు తుడుచుకుంటూ. వాళ్లమ్మ ఆయనకి నాలుగడుగుల దూరంలో కుర్చీలో కూర్చునే ఉంది. చెవుడేం లేదు ఆవిడకి. నేను గిన్నెలు తోముతూ తోముతూ తడి చేతులతోనే వెనక్కి తిరిగి, "అత్తయ్యా, ఈరోజు ఆయనకి పనుందట, రేపు వెళ్దామంటున్నారు," అన్నాను. రేపు అని ఆయన అనలేదు. ఆ ముక్క నేను కలిపాను. కలపకపోతే ఆవిడ మధ్యాహ్నం అన్నం ముట్టదు, ఆ అలక తీర్చాల్సిందీ నేనే. "రేపైనా వస్తాడో రాడో కనుక్కో," అంది అత్తయ్య. అప్పటికే ఆయన గుమ్మం దాటేశారు. ఎక్కడైనా తేడా వస్తే మాత్రం తల్లీకొడుకులిద్దరిదీ ఒకటే మాట. నువ్వు సరిగ్గా చెప్పలేదు.

బడిలోనూ నా ఉద్యోగం ఇదే. ఆరువందల నలభై మంది పిల్లల ఇళ్లకి వెళ్లే ప్రతి మెసేజీ నేనే రాస్తాను. సెలవులు, పరీక్షలు, పేలు పడ్డాయి జాగ్రత్త అనే హెచ్చరికలు, అన్నీ. కింద మాత్రం "ప్రిన్సిపల్" అని ఉంటుంది. రాసింది పట్టుకెళ్లి ఆయన గది గుమ్మంలో నిలబడి "పంపమంటారా సార్?" అని అడగాలి. ఆయన తల ఊపితేనే నొక్కాలి. సంతకాలూ గట్రా ఏమీ ఉండవు, అంతా తల ఊపుడే. మెసేజీలు వెళ్లే నంబరు మాత్రం నా సొంత ఫోనుది. "తిరిగి ఫోన్ చేసినప్పుడు ఆడమనిషి గొంతు వింటే పేరెంట్స్ కాస్త మెత్తబడతారమ్మా," అన్నారు, నేను చేరిన రోజున. మెచ్చుకున్నారనుకుని మురిసిపోయాను, నా తెలివి అలా తెల్లారింది! పదకొండేళ్లుగా తల ఊపుడు ఆయనది, తిట్లు నావి.

మొన్న సోమవారం నీళ్ల మోటారు కాలిపోయింది. చిన్నపిల్లల బాత్రూముల్లో చుక్క నీరు లేదు. పన్నెండింటికి బడి వదిలేద్దామన్నారు ప్రిన్సిపల్. పదకొండున్నరకల్లా మెసేజీ రాసి గుమ్మంలో నిలబడ్డాను.

"పంపమంటారా సార్?"

"ఆగమ్మా. ఓనరుగారికి ఇంకా చెప్పలేదు. ఆయన కంటే ముందు పేరెంట్స్‌కి తెలిస్తే నా తల తీసేస్తారు."

"పిల్లల్ని వదిలేస్తున్నాం కదా సార్, ఇళ్లల్లో తెలియకపోతే..."

"ఆగమన్నానా!"

ఆగాను. పన్నెండింటికి గంట మోగింది. మళ్లీ వెళ్తే ఫోన్లో మాట్లాడుతూ చెయ్యి అడ్డంగా ఊపారు. ఒంటిగంటా ఇరవైకి తల ఊపారు. ఆలోపు ఒకటో తరగతి పాప, గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డా అమ్మ రాకపోయేసరికి, ఒక్కతే నడుచుకుంటూ వెళ్లి పెద్ద రోడ్డు దాటేసింది. పంక్చర్లు వేసే అతను చూసి తన బల్ల మీద కూర్చోబెట్టాడు కాబట్టి సరిపోయింది. బూటు ఒకటి రోడ్డు మధ్యలోనే ఉండిపోయిందట.

సాయంత్రం వాళ్లమ్మ నాకే ఫోన్ చేసింది. "పనిలో ఉన్నా ఫోన్ పక్కనే పెట్టుకుంటానండీ, బడి నుంచి ఏమైనా వస్తుందేమోనని. ఒక్క మెసేజీ పెట్టడానికి మీకేం రోగం? మీకసలు పిల్లలున్నారా?" లేరు. అదీ చెప్పలేదు, మెసేజీ ఆపమన్నది ఎవరో కూడా చెప్పలేదు. సారీ అండీ అన్నాను.

నిన్న ప్రిన్సిపల్ పిలిచి, "ఆఫీసు సిబ్బందిలో ఒకరి నిర్లక్ష్యం వల్ల సమాచారం ఆలస్యమైంది, వారిని గట్టిగా మందలించాం, అని రాయమ్మా. నీ పేరు వెయ్యట్లేదుగా," అన్నారు. మా ఆఫీసు సిబ్బంది అంటే నేనూ, గంట కొట్టే తాతా.

"తాతకి మెసేజీలు పంపడం రాదు సార్."

"జోకులొద్దు. రేపు పదింటికల్లా వెళ్లిపోవాలి."

అంటే నా మీద నేరం నేనే, నా చేత్తోనే, అక్షరం తప్పు లేకుండా రాసి, మళ్లీ గుమ్మంలో నిలబడి పంపమంటారా అని అడగాలన్నమాట. ఒళ్లు మండిపోయింది. సరే సార్ అన్నాను.

ఇంట్లో చెబితే మా ఆయన టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. "రాసి పడెయ్. ఒక మాట పడితే అరిగిపోతావా ఏంటి? ముందు ఉద్యోగం నిలబెట్టుకో." అత్తయ్య అందుకుంది. "ఆడది కాస్త ఓర్చుకోవాలని చెప్పరా దానికి." నవ్వొచ్చింది నాకు, ఏడుపూ వచ్చింది. మధ్యలో నేను లేకుండా ఆ తల్లి నోటి నుంచి కొడుకు చెవికి చేరిన మాట, నాకు తెలిసి, అదొక్కటే.

ఈరోజు తొమ్మిదిన్నరకి బల్ల ముందు కూర్చున్నాను. ప్రిన్సిపల్ని తిట్టుకుంటే తీరిపోయేదే. కానీ రోడ్డు మధ్యలో ఉండిపోయిన ఆ పాప బూటు వదలట్లేదు నన్ను. సోమవారం పదకొండున్నరకి మెసేజీ నా ఫోన్లోనే ఉంది. ఎవరూ నా చెయ్యి పట్టుకుని ఆపలేదు. ఒక వేలు కదిపితే అయిపోయేది. కదపలేదు, ఎందుకంటే అడక్కుండా ఏదీ చెయ్యకపోవడమే మంచితనం అనుకుంటూ ఇన్నేళ్లు బతికాను. ఛీ, ఏం బతుకు అనిపించింది.

రాశాను. "సోమవారం మీ పిల్లల్ని పన్నెండింటికే వదిలేశాం. ఆ సమాచారం పదకొండున్నరకే సిద్ధంగా ఉంది. ఆపమన్నది ప్రిన్సిపల్ గారు. ఆపింది నేను. ఆ పాప తల్లిని క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం చెల్లడం లేదు." కింద ప్రిన్సిపల్ అని పెట్టలేదు. నా పేరు పెట్టాను. గుమ్మం దాకా వెళ్లలేదు, కూర్చున్నచోటు నుంచే నొక్కేశాను.

పది నిమిషాల్లో ఆయనే నా బల్ల దగ్గరికి వచ్చారు. పదకొండేళ్లలో ఎప్పుడూ రాలేదు. "ఎవర్నడిగి పంపావ్?" అన్నారు. ఎవర్నీ అడగలేదు సార్ అన్నాను. రేపట్నుంచి రావద్దన్నారు. పాప వాళ్లమ్మ మెసేజీ చదివినట్టు కనిపిస్తోంది, జవాబు మాత్రం ఇవ్వలేదు. ఇస్తుందనుకోను కూడా. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటుంటే మా ఆయన ఫోన్. ఆయన ఆఫీసులో ఒకతని కొడుకు మా బళ్లోనే చదువుతున్నాడు.

"బుద్ధుందా నీకు? ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకుని వస్తున్నావా? ఇప్పుడు అమ్మకి నేనేం చెప్పాలి?"

"అదీ నన్నే అడుగుతున్నారా?" అన్నాను. "ఆవిడ ఇంట్లోనే ఉంటారు, కుర్చీలో. వెళ్లి మీరే చెప్పండి."