గోడ మీద టోపీవాళ్ళు

కళ్ళజోళ్ళ షాపాయనకి అత్తగారంటే గౌరవమే కానీ, ఆవిడ చెప్పే మాట మీద మాత్రం నమ్మకం లేదు. చూపు బాగా మందగించిన దగ్గర్నుంచి ఆవిడకి హాలు గోడ మీద బెత్తెడేసి మనుషులు టోపీలు పెట్టుకుని వరసగా నడుస్తూ కనిపిస్తున్నారు. ఆయన అద్దాలు మార్చాడు. మళ్ళీ మార్చాడు. టోపీవాళ్ళు పోలేదు సరికదా, గొడుగులు కూడా తెచ్చుకున్నారు.

“అత్తయ్యగారూ, అద్దాల్లో ఏ లోపమూ లేదు. మీరే ఏదో ఊహించుకుంటున్నారు,” అని తేల్చేశాడు.

“నా ఊహలైతే ఇంత బుద్ధిగా నడుస్తారా అల్లుడుగారూ?” అందావిడ. ఆ తర్వాత ఆ ఊసెత్తడమే మానేసింది.

ఆ రోజుల్లోనే షాపుకి వచ్చే డాక్టరమ్మ ఒక కబురు చెప్పింది. పుట్టగొడుగుల నుంచి తీసే ఒక మందు మనిషి చూపుని ఎలా మారుస్తుందో ఆసుపత్రిలో పరిశోధిస్తున్నారట, ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లు కావాలట.

“నా కళ్ళని మోసం చేసే మందు ఇంకా పుట్టలేదు,” అని ఈయన ఛాతీ విరుచుకుని ఒప్పేసుకున్నాడు. “ఈ వయసులో ఇదేం సరదా అండీ!” అని భార్య తల పట్టుకుంది.

పరీక్షలన్నీ అయ్యాక ఒక ఉదయం ఆయన్ని చారల కర్టెన్ ఉన్న గదిలో మెత్తటి సోఫా మీద కూర్చోబెట్టి మాత్ర ఇచ్చారు. డాక్టరమ్మ పక్కనే కుర్చీ వేసుకుంది. చాలాసేపు ఏమీ కాలేదు. “చెప్పానా!” అనబోతుండగా కర్టెన్ మెల్లగా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది.

“డాక్టరుగారూ, కాస్త ఆ కిటికీ మూయండి. గాలి వేస్తోంది.”

“మూసే ఉందండీ.”

జోడు తుడిచి పెట్టుకున్నాడు. చారలు తేనెపట్టు గదుల్లా విడిపోయి గోడంతా పాకాయి. జోడు తీసేసి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రెప్పల వెనక రంగురంగుల పూలు గిర్రున తిరుగుతున్నాయి.

“కళ్ళు మూసుకున్నా కనిపిస్తున్నాయే! మరి నేను దేంతో చూస్తున్నట్టు?”

“మెదడుతో,” నవ్విందామె. “కళ్ళు పంపేది కొంతే. మిగతాది మెదడు ఊహించి నింపేస్తుంది. ఆ ఊహకి మామూలుగా కళ్ళు కళ్ళెం వేస్తుంటాయి. ఈ మందు ఆ కళ్ళేన్ని వదులు చేస్తుందని మా అంచనా.”

“మరి కళ్ళే సరిగ్గా పనిచెయ్యకపోతే?”

“కొందరికి ఏ మందూ లేకుండానే బొమ్మలు కనిపిస్తాయి. చూపు తగ్గిన పెద్దవాళ్ళలో ఇది ఉండేదే. మతి చెడినట్టు కాదు.”

ఆయన గభాల్న లేవబోయాడు. “నేను ఇంటికెళ్ళాలి. మా అత్తయ్యగారికి క్షమాపణ చెప్పుకోవాలి.”

“కూర్చోండి. ఇప్పుడు వెళితే గుమ్మానికి చెప్పుకుంటారు.”

మందు దిగేదాకా ఆయన తన అరచేతి గీతలు చూసుకుంటూ మురిసిపోయాడు. సాయంత్రం భార్య వచ్చి తీసుకెళ్ళింది. ఇంటికి రాగానే కుర్చీ లాక్కుని అత్తగారి ఎదురుగా కూర్చున్నాడు.

“వాళ్ళు ఇవాళ వచ్చారా అత్తయ్యగారూ?”

“ఎవరూ?” ఆవిడ గొంతులో అనుమానం.

“టోపీవాళ్ళు. మీ మతికేం కాలేదండీ. చూపు తగ్గితే మెదడే బొమ్మలు వేసి చూపిస్తుందట. మిమ్మల్ని నమ్మకపోవడం నాదే తప్పు. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం.”

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “పిచ్చెక్కుతోందేమోనని నోరు మూసుకుని కూర్చున్నానండీ ఇన్నాళ్ళూ.” ఆపైన కుతూహలం ఆగలేదు. “ఇంతకీ మీకేం కనిపించాయి?”

“పూలు, తేనెపట్లు.”

“మనుషులు లేరూ?”

“ఒక్కరూ లేరండీ.”

“అయ్యో పాపం!” అందావిడ, కాస్త గర్వంగానే. “సరే, కొంచెం పక్కకి జరగండి. వాళ్ళ దారికి అడ్డంగా కూర్చున్నారు.”

అల్లుడుగారు లేచి కుర్చీ జరుపుకున్నాడు.