థాంక్స్ చెప్పకూడని మంత్రం

ఇంగ్లండ్‌లో డార్ట్‌మూర్ బీడు అంచున ఉన్న మా ఊరు ఆల్డర్‌కోమ్‌లో పక్కింటి సైలస్ మామ దగ్గర మంత్రం ఉందని అందరికీ తెలుసు. ఆయన్ని మంత్రగాడు అంటే మాత్రం కర్ర తీసుకుంటాడు. ఒక్క ఆదివారం కూడా చర్చి మానని మనిషి. పులిపిర్లు, కాలిన గాయాలు, దూడలకు పట్టే తామర, ఏదైనా సరే, ఆయన పెదాలు కదిపి ఊదితే పోవాల్సిందే. డబ్బు తీసుకోడు. థాంక్స్ అంటే అసలే ఒప్పుకోడు, ఆ మాట అన్నారంటే మంత్రం విరిగిపోతుంది. మా ఆయన డెన్జిల్ నోరు ఊరుకోక ఒకసారి ఆ మాట అన్నాడు. పోయిన పులిపిరి చుట్టాలను వెంటబెట్టుకుని మరీ తిరిగొచ్చింది.

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ మాకు మూఢనమ్మకాలేం లేవు. ఉడికిన గుడ్డు తిన్నాక డిప్ప అడుగున చెంచాతో చిల్లు కొడతాం, లేకపోతే మంత్రగత్తెలు అందులో ఎక్కి సముద్రం మీద షికారు పోతారు. ఒంటరి మాగ్‌పై పిట్ట కనబడితే కీడు తగలకుండా టోపీ తీసి, ఇంట్లో ఆవిడ బాగుందా అని దాన్ని అడుగుతాం. వాకిలి మీద గుర్రపు నాడా కొడతాం. ఇవన్నీ అలవాట్లు, అంతే.

ఈ అలవాట్ల దగ్గరే సైలస్ మామకూ ఆయన కూతురు కెజయాకూ చెడింది. తల్లి పోయాక ఆ పిల్ల పక్క లోయలోని విక్కా వాళ్ళలో చేరింది. వాళ్ళు పాతకాలపు అమ్మవారినీ కొమ్ముల దేవుణ్ణీ కొలుస్తారు, పున్నమికి వలయం గీసుకుని పూజ చేస్తారు, తమను తాము మంత్రగత్తెలమనే చెప్పుకుంటారు. ఒక ఆదివారం భోజనాల దగ్గర మామ చేయి తగిలి ఉప్పు ఒలికింది. ఆయన చిటికెడు తీసి ఎడమ భుజం మీదుగా వెనక్కి విసిరాడు. నేనూ ఆ బల్ల దగ్గరే ఉన్నాను.

“అక్కడెవరున్నారు నాన్నా?” అంది కెజయా.

“ఎవరుంటారు, సైతాను. కళ్ళలో కొట్టా.”

“నువ్వు రోజంతా వాణ్ణి వీపు వెనకాల పెట్టుకు తిరగొచ్చు, నేను చంద్రుడికి దణ్ణం పెట్టుకుంటే తప్పొచ్చిందా? మా వాళ్ళసలు సైతానున్నాడనే నమ్మరు.”

నాకు నవ్వొచ్చింది గానీ మామ మొహం చూసి మింగేశాను. “మంత్రగత్తెకి నా ఇంట్లో కూడు లేదు, లే,” అన్నాడాయన. ఆ పిల్ల లేచింది. అప్పటినుంచి పక్క లోయలోనే ఉంటూ బడి బస్సు నడుపుకుంటోంది. ఏళ్ళు గడిచినా ఆమె ఆ గుమ్మం తొక్కలేదు, ఆయన ఆమె పేరెత్తలేదు.

ఈ వసంతంలో మామ మంచాన పడ్డాడు. మంత్రాన్ని మగవాడు ఆడదానికే చెప్పాలి, ఆడది మగవాడికే చెప్పాలి. ఆయనకు మేనత్త చెప్పింది. నోరు తెరిచి అడిగినవాళ్ళకు ఇవ్వకూడదు. ఒకసారి ఇచ్చేశాక ఇచ్చినవాళ్ళ దగ్గర అది ఇక పనిచేయదు. “గురువారం రా థర్జా, నీకు చెప్పేస్తా,” అన్నాడు. నాకు ఒళ్ళు పులకరించింది. దాచుకోవడమెందుకు, పెళ్ళయి ఈ ఊరొచ్చినప్పటినుంచీ అది నాకు దక్కాలని ఆశ. పశువులున్న ఇంటికి అంతకన్నా ఏం కావాలి!

తండ్రికి బాగాలేదని కూతురికి చెప్పడం ధర్మం కదా అని కెజయా దగ్గరికి వెళ్ళాను. బస్సు కడుగుతోంది.

“నాన్నెలా ఉన్నాడు వదినా?”

“ఒకటే దగ్గు. మంచం దిగడం లేదు. మంత్రం నాకు చెప్తానన్నాడు.”

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. “నీకే చెప్పాలిలే. నువ్వు జాగ్రత్తగా చూసుకుంటావు.” కాసేపు అద్దం తుడిచి మళ్ళీ అంది, “మా దగ్గరా అదే పద్ధతి తెలుసా? ఆడదాన్ని మగవాడే చేర్చుకోవాలి, మగవాణ్ణి ఆడదే. నన్ను చేర్చుకున్న ముసలాయన అది చెబుతుంటే నాకు మా వంటిల్లు కళ్ళ ముందుకొచ్చింది. నాన్న ఎవరి చేతికో ఊదుతుంటే నేను బల్ల కింద కూర్చుని ఆయన పెదాలే చూసేదాన్ని. కొత్తదేదో కావాలని పోలేదు వదినా నేను. అది దొరుకుతుందేమోనని పోయా.”

“మరి ఆయన్నే అడగొచ్చుగా?”

“అడిగితే ఇవ్వకూడదుగా.” నవ్వింది. సబ్బు చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

ఇంటికొచ్చే దారంతా ఆమె మీద కోపంగానే ఉంది. చేతికందబోతున్న దాన్ని నాకు చేదు చేసి పెట్టింది.

గురువారం మామ దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు. తలుపు వెయ్యమన్నాడు.

“కెజయాకి చెప్పొచ్చుగా మామా?”

“మంత్రగత్తెకా? చచ్చినా చెప్పను. చెవి ఇటు పెట్టు.”

వంగాను. ఆయన ఊపిరి నా చెంపకు తగిలింది. ఇంకొక్క క్షణం ఆగితే మంత్రం నాదైపోయేది.

“థాంక్స్ మామా,” అన్నాను గట్టిగా.

ఆయన దిండ్ల మీదికి వెనక్కి జరిగాడు. “ఏమన్నావ్?”

“థాంక్స్ అన్నాను. చాలా చాలా థాంక్స్.”

“నీ నోరు పడిపోను! బుద్ధుందా? ఆ మాటన్నదానికి ఇంక ఈ జన్మలో చెప్పకూడదే!”

“తెలుసు.”

“తెలిసేనా?” నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. “దొంగపీనుగా! ఇంక ఈ ఊళ్ళో ఎవరికి చెప్పను? పోస్టాఫీసు మేబెల్‌కా? దానికి చెప్తే సాయంత్రానికి ఊరూరా మంత్రగాళ్ళే.”

“నాకేం తెలుసు? నువ్వే ఆలోచించుకో.”

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను వంటింట్లోకి వచ్చి ఏడ్చాను. గొప్ప పని చేశానని కాదు, అంత మంచి వస్తువు చేజారిందని. చాలాసేపటికి లోపలినుంచి కేక వినబడింది.

“ఆ బస్సు ఎన్నింటికి ఖాళీ అవుద్ది?”

నా కబురందగానే కెజయా బస్సుతోనే వచ్చేసింది. ఎవరినీ ఏమీ అడగకుండా తండ్రి గదిలోకి వెళ్ళింది. తలుపు మూసుకుంది. నేను టీ కోసం పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. లోపల మొదట కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత మామ గొంతు, దగ్గు, మళ్ళీ గొంతు. ధ్యాసంతా అటే ఉండి కెటిల్ మూత చేత్తో తీశాను. ఆవిరి తగిలి మణికట్టు భగ్గుమంది. నా అరుపుకు కెజయా తలుపు తీసింది. ఆలోచించకుండా లోపలికి పరుగెత్తి, ఎప్పటిలాగే చేయి మామ ముందు చాపాను.

ఆయన చేతులు రెండూ దుప్పటి కిందికి లాక్కున్నాడు.

“నా దగ్గర ఇంకేముంది? మా అమ్మాయి చూస్తుంది,” అన్నాడు.

కెజయా నా చేయి అందుకుంది. చప్పుడు లేకుండా ఆమె పెదాలు కదిలాయి. మంట తగ్గిందా లేదా అని నేను చూసుకోలేదు, మామనే చూస్తున్నాను. ఆయన కూతురి మొహం మీంచి కళ్ళు తిప్పకుండా, ఎక్కడ ఒక మాట మరిచిపోతుందోనని, ఇక తనకు పనిచేయని ఆ మాటలనే ఆమెతోపాటు పెదాలతో అంటున్నాడు.