అన్నం వేళ అప్‌డేట్

భోజనాల వేళ ప్రెస్సులో కంప్యూటరు తనంతట తానే ఆగి, మళ్లీ లేచింది. ఆ కాస్తలో పుస్తకాల అట్టలు సగం అచ్చయి, సగం తెల్లమొహం వేసుకుని బయటపడ్డాయి.

"ఎవరి నిర్వాకమిది?" ఓనరు అరుపుకి మేడమీంచి మేనకోడలు దిగివచ్చింది. కంప్యూటర్లన్నీ ఆమె చేతిమీదే నడుస్తాయి.

"నాదే మామయ్యా."

నిరుడు వైరస్ పట్టి ఫైళ్లన్నిటికీ తాళం పడింది. ప్రెస్సు వారంపాటు మూగబోయింది. అప్‌డేట్ అడిగిన ప్రతిసారీ 'రేపు' అని నొక్కేయడం అక్కడ అందరికీ అలవాటు. ఆ రేపు ఎన్నడూ రాలేదు. అందుకే ఆమె చిన్న షెల్ స్క్రిప్టు, అంటే కంప్యూటరుకి ఆదేశాల చీటీ లాంటిది, రాసిపెట్టింది. అందరూ క్యారియర్లు విప్పే వేళకి అది తానే లేచి, అప్‌డేట్లు దించుకుని, మెషీన్ని రీస్టార్ట్ చేస్తుంది. ఎవరి వేలూ అడ్డం రాదు. అయితే పెద్ద పనిని ప్రింటర్‌కి అప్పజెప్పి అన్నానికి కూర్చోవడం కింద వాళ్ల పాత పద్ధతి. మేడమీద తినే ఆమె అది ఏనాడూ చూడలేదు.

"తీసెయ్ దాన్ని."

"తీయను."

ప్రింటర్ నడిపే గొణుగుడు బాబాయి నమలడం ఆపాడు.

"ఓనర్ని నేనా, నువ్వా?"

"మీరే. తప్పు మాత్రం నాది. పని నడుస్తోందా అని అడగడం దానికి నేర్పలేదు, నేర్పుతాను. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?"

"రేపు ఒక్క అట్ట చెడినా దాంతోపాటు నువ్వూ బయటికే. మేనకోడలివని చూడను."

"చూడకండి. చెడకపోతే మాత్రం దాని జోలికి ఎవరూ రాకూడదు. మీరూనూ."

మర్నాడు ఆయన కావాలనే అన్నం వేళకి పెద్ద పని ఎక్కించాడు. ఎవరూ క్యారియర్ విప్పలేదు. స్క్రిప్టు లేచింది. 'ప్రింటర్ పనిలో ఉంది, ఆగుతున్నాను' అని తెరమీద పడింది. కాసేపటికి మళ్లీ అదే మాట.

"నీకన్నా దీనికే మర్యాద తెలుసమ్మాయ్," అని గొణిగాడు బాబాయి.

చివరి అట్ట నిండుగా బయటికొచ్చింది. అప్పుడే తెర నల్లబడి, మళ్లీ వెలిగింది. ఓనరు ఆ అట్టని వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పాడు. వంక దొరకలేదు.

"సర్లే, ఉండనీ. నా గదిలో కంప్యూటర్ని మాత్రం వదిలెయ్. దానికేం అక్కర్లేదు."

"దానికే ముందు కావాలి మామయ్యా. నిరుడు వైరస్ దూరింది దాన్లోంచే."

అప్పుడే క్యారియర్ విప్పి ముద్ద నోట్లో పెట్టుకున్న గొణుగుడు బాబాయికి పొలమారింది. ఆమె తిన్నగా ఓనరు గదిలోకి నడిచి, ఆయన కుర్చీలోనే కూర్చుని, కీబోర్డు ముందుకి లాక్కుంది.