నూనె తాగిన దేవదూత

పాపమ్మది ఉడుంపట్టు. పోర్చుగీసు పాదిరీలు కట్టించిన నగిషీలు నిండిన పాత బరోక్ చర్చికి మరమ్మతులని తెలియగానే, సింగపూర్ ఆంగ్ మో కియోలోని ఫ్లాట్ నుంచి మనవడు దీపక్‌ని ఈడ్చుకొచ్చింది. రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులో అతనికి ఊపిరాడని పని. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ బోర్లా పడతాయట. పడితే పడనీ! ఆమె బెంగంతా తలుపు పక్కనున్న దేవదూత గురించే.

జపాను యుద్ధంలో బాంబు పడి దెబ్బతిన్న ఆ చర్చికి మళ్లీ సున్నపు పని చేసింది ఆమె పెనిమిటి యర్రయ్య. సున్నంలో కోడిగుడ్డు సొన, బెల్లం నీళ్లు కలిపి, మెలితిరిగిన స్తంభాల మీద ద్రాక్షతీగలు పాకించాడు. మబ్బుల నిండా దేవదూతల్ని నిలిపాడు. ఆ ఏడే వాళ్ల నాలుగేళ్ల కూతురు చెన్నమ్మ జ్వరంతో పోయింది. పిల్లది ఒక్క ఫొటో కూడా లేదు. యర్రయ్య ఏడుస్తూనే, తలుపు పక్కన చేతికందే ఎత్తులో ఉన్న చివరి దేవదూతకు కూతురి ముఖం పెట్టాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

పాపమ్మ మాత్రం శనివారం శనివారం వెళ్లేది. బతికుంటే పిల్లకు తలంటదా? కొంగుచాటున తెచ్చిన నువ్వులనూనె ఆ నెత్తికీ బుగ్గలకూ పట్టించేది. పాదిరీలు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. మొగుడికి మాత్రం చెప్పలేదు. అతనూ పోయాడు, ఆమె తలంటడం మానలేదు.

మరమ్మతు చేయిస్తున్న చైనీస్ శిల్పి, ఆ ముఖాన్ని వేలితో తట్టి చూసి ఇంగ్లీషులో ఏదో చెప్పింది. పాపమ్మ దీపక్ చెయ్యి పట్టి లాగింది.

"చెప్పరా! ఏటంటంది?"

"ముఖం చెక్కేసి కొత్తది చెయ్యాలంట మామ్మా. లోపలంతా ఆయిల్ పట్టేసిందంట. కొత్త సున్నం అతకదంట. ఎవరో ఏళ్ల తరబడి రాశారంట. కాన్ట్ సేవ్ లా... ఇంక కాపాడలేరంట."

కొంగులోని సీసా పాపమ్మ చేతికి తగిలింది. అయ్యో, ఎంత పని చేసింది!

"నేనేరా..." అంటూ అక్కడే కూలబడింది. "నా పిల్లని నేనే పాడుసేసుకున్నాను."

దీపక్ ఆ సంగతంతా ఇంగ్లీషులో చెప్పగానే శిల్పి కళ్లు చెమర్చాయి. పాప ఎలా ఉండేదో చెబితే, కొత్త ముఖం అచ్చం అలాగే చేస్తానంది.

పాపమ్మ ఆశగా నోరు తెరిచింది. "బుగ్గలు... ముక్కేమో..." అని ఆగిపోయింది. ఎంత తలుచుకున్నా, నూనెకు నల్లబడి, తన వేళ్లకే అరిగిపోయిన ఈ సున్నపు ముఖమే కనబడుతోంది.

"ఎలాగుండేది మామ్మా?"

"గ్యాపకం లేదురా నాయనా," అని పాపమ్మ బావురుమంది.