ముత్తవ్వ పడిపోయిందన్న కబురు

చందూర్ వైపు రైతులకు కాలువ నీళ్ల వంతు ఎవరిది, ఎప్పుడన్నది ఫోన్లో చూపించే వెబ్‌సైటును నవతే తయారుచేసింది. అది నడిచేది నిజామాబాద్‌లో వాళ్లింట్లోనే, బియ్యం డబ్బా పక్కన పెట్టిన పాత కంప్యూటర్ మీద. ఆ సర్వర్‌కు ముద్దుగా నాయనమ్మ పేరు పెట్టుకుంది. ముత్తవ్వ కూడా పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా బీడీలు చుడుతూనే ఉంటుంది మరి.

నాలుగు రోజులుగా సర్వర్ ఊరికే ఆగిపోతోంది. రైతులు ఫోన్ చేస్తే గానీ నవతకు తెలియడం లేదు. అందుకని ఆదివారం కూర్చుని, సర్వర్ పలక్కపోతే వాట్సాప్‌లో కబురు పంపే చిన్న ప్రోగ్రాం ల్యాప్‌టాప్‌లో పెట్టింది. తన నంబరుకు బదులు రైతుల గ్రూపుకు కలిపిన సంగతి చూసుకోలేదు.

సోమవారం పదింటికి గ్రూపులో పడింది: "ముత్తవ్వ పడిపోయింది. మూడుసార్లు పిలిచినా పలకడం లేదు."

నవత బజారు నుంచి వచ్చేసరికి వాకిట్లో జీపు, గుమ్మం ముందు చెప్పుల గుట్ట. లోపల బసవయ్య, ఇంకో నలుగురు రైతులు చాప మీద కూర్చున్నారు. వాళ్ల మధ్య ముత్తవ్వ, ఒళ్లో బీడీల చాట, ముందు రెండు డజన్ల అరటిపళ్లు.

"పడలేదంటే నమ్ముతలేరు బిడ్డ. మోకాళ్లు గూడ సూపిచ్చిన," అంది ముత్తవ్వ.

నవత తల దించుకుని జరిగింది చెప్పింది. మరి పడినావిడ ఎక్కడని బసవయ్య అడిగాడు. కంప్యూటర్ చూపిస్తే వంగి, దాని మీద అరచెయ్యి ఆనించాడు.

"ఒళ్లు కాలిపోతోందమ్మా."

అందరి ముందే నవత తెరిచి చూసింది. లోపల డిస్కులో జాగా నిండిపోయింది. పేజీని ఎవరు చూసినా, వాళ్లు లాగినైన ఫోన్ నంబరుతో సర్వర్ ఒక వరుస రాసి పెట్టుకుంటుంది. పాతవాటిని తీసేసే ఏర్పాటు ఆమె చేయనే లేదు. ఒక్క ఫోనైతే రోజుకు వేలసార్లు చూసింది. నంబరు చదివితే బసవయ్య కిటికీలోంచి బయటికి చూశాడు.

"కాలువ గట్టు మీద తోచక నొక్కుతుంటానమ్మా," అన్నాడు మెల్లగా.

నవత పాత వరుసలు చెరిపేసింది. వారం దాటినవి వాటంతటవే పోయేలా, సర్వర్ ఆగితే మళ్లీ అదే లేచేలా చేసి, కబుర్లు తన నంబరుకు మార్చింది. పరీక్షకని ప్లగ్గు పీకి మళ్లీ పెట్టింది. రెండు నిమిషాల్లో ఐదు ఫోన్లలో పేజీ తెరుచుకుంది.

సర్వర్‌కు వేరే పేరు పెడతానంటే ముత్తవ్వ పండు ఒలుస్తూ అడ్డం పడింది.

"వద్దు బిడ్డ. నన్ను సూడనీకి ఇంతమంది ఎన్నడొచ్చిండ్రు?"

నవత పేరు మార్చలేదు. అందరికీ చాయ్ పెట్టడానికి లేచింది.