ఏడో ఊళ్లో గొయ్యి

పెంకుల మీద నడుస్తున్నాను, అడుగు వేసినప్పుడల్లా పెంకు కొంచెం కిందికి దిగి మళ్లీ పైకి లేస్తోంది, ఇది సామర్లకోట రైల్వే క్వార్టర్స్ కప్పు అని నాకు తెలుస్తూనే ఉంది, ఆ క్వార్టర్స్‌కి పెంకులు లేవని, అన్నీ డాబాలేనని కూడా తెలుస్తూనే ఉంది, అయినా ఇందులో తప్పేమీ కనిపించడం లేదు. ఆకాశం ముదురు నీలంగా ఉండి అంచుల దగ్గర చిన్న చిన్న చదరాలుగా విడిపోతోంది. నా చేతిలో ఎర్ర గొడుగు ఉంది. అంటే నేను ఏడో ఊళ్లో ఉన్నాను, ఇంకొంచెం ముందుకు వెళ్తే గొయ్యి వస్తుంది, గొయ్యి దగ్గర అక్క ఉంటుంది. ఈసారి మాత్రం అక్కని వదిలిపెట్టకూడదు అనుకుంటూ నడుస్తున్నాను.

అక్క ఉంది. చివరి పెంకు మీద కూర్చుని కాళ్లు గోతిలోకి వేలాడేసి, ఒళ్లో పళ్లెం పెట్టుకుని, మామిడికాయ ముక్కలు ఉప్పూకారంలో అద్దుకుని తింటోంది. మా అక్క పేరు ఇందుమతి, నాకంటే నాలుగేళ్లు పెద్దది, పోయి మూడేళ్లయింది, కలలో కూడా ఆ లెక్క నేను తప్పడం లేదు. జడ నడుం దాకా ఉంది. చివరి నెలల్లో ఒక్క వెంట్రుకా మిగలని తలకి ఇంత జుట్టు ఎప్పుడొచ్చిందని అడగబోయి, అడిగితే కోపం చల్లారిపోతుందని నోరు మూసుకుంటాను. నేను వచ్చింది కుశలప్రశ్నలకి కాదు, ఈ గొయ్యి సంగతి తేల్చుకోవడానికి.

నాది ఎనిమిదో తరగతి అయిపోయిన వేసవిలో, అక్క ఇంటర్ తప్పి మళ్లీ రాయడానికి సిద్ధమవుతున్న వేసవిలో, నాన్న ఒక వీడియో గేమ్ కొనుక్కొచ్చాడు. దాంతో వచ్చిన ఒకే ఒక్క క్యాసెట్ మీద అన్నీ జపాన్ అక్షరాలే, పేరేమిటో తెలియక క్వార్టర్స్ పిల్లలందరం దాన్ని గొడుగుపిల్ల అనేవాళ్లం, ఎర్ర గొడుగు పట్టుకున్న ఒక పిల్ల ఇళ్ల కప్పుల మీంచి దూకుతూ ఎనిమిది ఊళ్లు దాటాలి. మా ఇంట్లో చట్టం ఒక్కటే, పడితే వంతు మారాలి. ఏడో ఊరి చివర వెడల్పాటి గొయ్యి ఉండేది. దాన్ని పైనుంచి దూకితే మామూలు దారేనని, ఎడమ గోడకి ఆనుకుని అందులోకే పడితే అడుగున రహస్యంగా ఒక అంతస్తు ఉందని, అక్కణ్ణించి నేరుగా కోటలోకి పోవచ్చని, ఇదంతా క్యాసెట్ అట్ట మీద రాసుందని అక్క చదివి చెప్పింది. నేను నమ్మాను. ఇంటర్ దాకా వెళ్లిన మనిషికి జపాన్ అక్షరాలు కూడా వచ్చి ఉంటాయనుకునే వయసు నాది. ఆ వేసవంతా నేను కిందా మీదా పడి ఏడో ఊరి దాకా రావడం, ఎడమ గోడకి ఆనుకుని గోతిలో పడి చావడం, సరిగ్గా ఆనలేదే అంటూ అక్క రిమోట్ అందుకోవడం. తను మాత్రం చక్కగా దాటి వెళ్లిపోయేది. అదేమిటని అడిగితే, దగ్గరి దారి నీకు వదిలానే, చిన్నదానివి కదా అనేది. చివరికి జూన్ నెలలో ఒకరోజు క్వార్టర్స్ పిల్లలంతా మా ముందుగదిలో కిక్కిరిసి చూస్తుండగా అక్క ఎనిమిదో ఊరు దాటింది, నాన్న జేబులోంచి తన పెన్ను తీసి అక్కకిచ్చాడు. నేను ఎన్నిసార్లు క్లాసులో ఫస్టొచ్చినా ఇవ్వని పెన్ను అది. ఇరవై తొమ్మిదేళ్లుగా నేను దాన్ని మర్చిపోలేదు. మర్చిపోయే రకాన్ని కాను.

ఇప్పుడు పెంకుల కింద మా ముందుగది కనిపిస్తోంది, టీవీ మీద మొగ్గలు కుట్టిన గుడ్డ కనిపిస్తోంది, కాని గది గోడలు ఆసుపత్రి గోడల్లా లేత ఆకుపచ్చగా ఉన్నాయి.

"అడుగున అంతస్తు ఉందా, లేదా? ముందు అది చెప్పు" అంటాను.

అక్క వేలికంటిన కారం నాక్కుని, ముందు కూర్చోమంటుంది, నిలబడి కొట్లాడితే కాళ్లు పీకుతాయంటుంది. నేను కూర్చోను. కూర్చుంటే మామిడికాయ ముక్క ఇస్తుంది, తింటాను, ఇంతే సంగతులు. చిన్నప్పుడు ప్రతి తగువూ ఇలాగే నీరుగార్చేది. గొడుగు మూసి దాని మొనతో గోతిని చూపిస్తూ మళ్లీ అడుగుతాను.

"లేదే వకుళా" అంటుంది అక్క. "అట్ట మీద ఏం రాసుందో నాకేం తెలుసు? నేనేవన్నా జపాన్ దాన్నా?"

ఈ ఒక్క మాట కోసం ఎంతకాలం కాచుకున్నానో. ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని పండగల్లో ఈ గొయ్యి మాట ఎత్తబోయి, ఇంత వయసొచ్చి ఇదేం గోలని నవ్వుతారని మానుకున్నానో. ఇప్పుడు గుండె చల్లబడాలి. చల్లబడటం లేదు, ఇంకా మండుతోంది. అబద్ధం ఆడినందుకు కాదు, ఇంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు. ఎందుకు చేశావని అడుగుతాను, గొంతు అరుపులా వస్తుంది, అయినా అక్క పళ్లెంలోంచి తల ఎత్తదు.

"నువ్వు దాటేస్తావని తెలుసు గనక. చదువులో దాటేశావు, నాన్న దగ్గర దాటేశావు. ఆ ఒక్క చోట ఆగితే నీ సొమ్మేం పోయిందే?"

మాట నిజమే. నిజమైన కారణం చూపించే వాళ్లంటే నాకు మరీ మంట, వాళ్ల మీద కోపం నిలబెట్టుకోవడానికి నేను రెట్టింపు కష్టపడాలి. దూకు, అంటాను. ఎడమ గోడకి ఆనుకుని దూకు, పడటం ఎలా ఉంటుందో నువ్వూ చూడు, పడ్డాక సరిగ్గా ఆనలేదని నేను పైనుంచి చెప్తాను. ఈ మాటలు నేను ఎన్నేళ్లుగానో లోపల సానపట్టుకున్నవి, వరసగా, ఒక్కటీ తడబడకుండా వస్తున్నాయి, అంటున్నప్పుడు నాకు చాలా సంతోషంగా ఉంది.

దూకుతానంటుంది అక్క. పళ్లెం పక్కన పెడుతుంది. లేచి నిలబడి జడ వెనక్కి వేసుకుని, అప్పుడు అడుగుతుంది, నేను అడగదని అనుకున్నది.

"తెస్తానన్నావు గదా. తెచ్చావా?"

పెంకులు నేలగా మారిపోతున్నాయి, నేల ఆసుపత్రి వరండాగా మారిపోతోంది, గొయ్యి మాత్రం అలాగే ఉంది, దాని అవతల అక్క మంచం, మంచం పక్కన మందు ఎక్కించే సీసా. ఆ మంచం మీంచే అక్క అడిగింది, గొడుగుపిల్ల ఇప్పుడు దొరుకుతుందేమో చూడవే, ఒక్కసారి ఆడాలని ఉంది అని. చూసి తెస్తానన్నాను. వారంలోపే దొరికింది, పాత ఆటలన్నీ ఎక్కించి అమ్మే, చేతిలో పట్టుకుని ఆడుకునే చిన్న గేమ్. దొరకలేదని చెప్పాను.

ఇప్పుడూ అదే చెప్తాను. "దొరకలేదక్కా."

"బీరువాలో, చీరల కింద, నీలం సంచిలో" అంటుంది అక్క. కోపంగా అనదు, కళ్లజోడు ఎక్కడుందో చెప్పినట్టు అంటుంది.

ఇక దాచి లాభం లేదని మొత్తం చెప్పేస్తాను. ముందు నేను గొయ్యి దాటాలనుకున్నాను, ఎనిమిదో ఊరు కూడా పూర్తి చేసి, అది పట్టుకుని నీ మంచం దగ్గరికి వచ్చి, చూడు, దగ్గరి దారిలో కాదు, మామూలు దారిలోనే దాటాను అని చూపించి, అప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో చూడాలనుకున్నాను. ఈలోపు పదో తరగతి పేపర్లు దిద్దే పని పడింది, లెక్కల టీచర్ని, తప్పించుకోలేను, నలభై రోజులు ఆ సంచి విప్పనే లేదు, నలభై ఒకటో రోజు బుధవారం నువ్వు పోయావు. చెప్తుంటే సిగ్గేస్తోంది, సిగ్గుపడేలా చేసినందుకు అక్క మీద మళ్లీ కోపం వస్తోంది, న్యాయం అడగడానికి వచ్చిన మనిషిని దొంగని చేసి నిలబెట్టడం దీనికి మొదటినుంచీ అలవాటే.

"నేను నీకు ఒక్క వేసవే గదే చెడగొట్టింది" అంటుంది అక్క. మిగతాది అనదు. నాకు వీపు తిప్పి గొయ్యి అంచున నిలబడుతుంది, చీర కుచ్చిళ్లు కొంచెం పైకెత్తి పట్టుకుని, కాలవ దాటబోయేదానిలా.

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగులుతుంది. తగిలిన చోటే ఒళ్లు మండిపోతుంది. నేను క్షమాపణ అడగను, ముందు అది అడగాలి, పెద్దది అది, మొదలుపెట్టింది అది. గొడుగు పడేసి, రెండు చేతులూ చాచి, ఉన్న బలమంతా పెట్టి అక్క వీపు మీద నెడతాను.

వీపు అక్కడ లేదు. అక్క ఎప్పుడు తప్పుకుందో మళ్లీ పళ్లెం దగ్గర కూర్చుని ఉంది, నా చేతులు గాలిని నెడతాయి, కాలి కింద మళ్లీ పెంకే, అది కిందికి దిగుతుంది, ఈసారి పైకి లేవదు. పడిపోతున్నాను, పొడుగ్గా, తీరిగ్గా, లేత ఆకుపచ్చ గోడలు పైకి వెళ్లిపోతున్నాయి, పైనుంచి నోట్లో ముక్క నములుతూనే అక్క కేకేస్తోంది.

"ఎడమ గోడకి ఆనుకోవే. ఎడమ గోడకి."

ఏడిపిస్తోందో, నిజంగానే చెప్తోందో తెలియడం లేదు. లేదని తనే ఒప్పుకుంది, ఇప్పుడే, నా చెవులారా విన్నాను. అయినా, నా బుద్ధి కాల, నేను ఎడమ గోడకి ఆనుకుంటున్నాను, కాళ్లు కిందికి చాపి, అంతస్తు తగులుతుందేమోనని పాదాలతో వెతుక్కుంటున్నాను.

మెలకువ వచ్చింది. ఆదివారం, మూడున్నర, ఫ్యాను తిరుగుతూనే ఉంది, కుడి కాలు మంచం పట్టె మీంచి కిందికి జారి నేలకి అంగుళం పైన వేలాడుతోంది. గేమ్ నా చేతిలోనే ఉంది. మూడేళ్లకి ఈ వేసవి సెలవుల్లో దాన్ని బయటికి తీశాను, భోజనం చేశాక మొదలుపెట్టి, ఒక్కసారి కూడా పడకుండా ఏడో ఊరి చివరి దాకా వచ్చి, ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. బొటనవేలు ముందుకు నడిపించే మీట మీదే ఉంది, తిమ్మిరెక్కిపోయింది. తెర మీద గొయ్యి లేదు, పిల్లా లేదు. నేను నిద్రలో నడిపించుకుంటూ పోయి పడేశాను. నల్లటి తెర మీద, రెండో మనిషి వంతు, మీట నొక్కండి అని ఇంగ్లిషు అక్షరాలు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. మొదట్లో ఒక్కరి ఆటా, ఇద్దరి ఆటా అని గేమ్ అడిగినప్పుడు, ఆలోచించకుండా, పాత అలవాటు కొద్దీ ఇద్దరి ఆటే నొక్కానని అప్పుడు తెలిసింది.

మీట నొక్కితే ఆ వంతు కూడా నేనే ఆడుకోవచ్చు. నొక్కలేదు. పక్కకి జరిగి, రెండో దిండు మీద దాన్ని తెర పైకి ఉండేలా పెట్టాను.

"ఆడక్కా" అన్నాను పైకే. "నువ్వెలా దాటుతావో నేనూ చూస్తాను."