కట్టు కట్టిన వేళ

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, తెరిపి ఇవ్వనూ లేదు. మబ్బు కొండల నడుము దాకా దిగి అక్కడే కూర్చుంది. తుడిచిన ప్రతిసారీ అంబులెన్సు అద్దానికి మళ్ళీ చెమ్మ పట్టింది. నేనూ జీవరాజూ ఘాటీ కొండదారి దిగి రాయగడ వెళ్తున్నాం. ఈసారి వెనక రోగి లేడు. జీవరాజు మీద విచారణ.

మా ఫ్యాక్టరీ అంబులెన్సుకి నేను డ్రైవర్ని. ప్రథమ చికిత్స జీవరాజు పని. పదకొండేళ్లుగా ఇద్దరిదీ ఒకటే బండి. ప్రథమ చికిత్స సర్టిఫికెట్టు ఇద్దరికీ ఉండాలి. అది మూడేళ్లే చెల్లుతుంది, తర్వాత మళ్ళీ పరీక్షకు కూర్చోవాలి. ఆ ఏడు పరీక్ష మట్టల ఆదివారం నాడు పడింది. నేను వెళ్ళి రాసొచ్చాను. జీవరాజు వెళ్ళలేదు. కాలనీ చర్చిలో పిల్లల చేతికి మట్టలిచ్చి ఊరేగింపు నడిపేది అతనే. వచ్చే దఫా రాస్తానని గుమాస్తా కూర్మారావుతో చెప్పాడు. ఆయన సరేనన్నాడు. మే నెలాఖరుకి జీవరాజు గడువు తీరిపోయింది. డ్యూటీ చార్టులో పేరు తీసెయ్యాల్సింది కూర్మారావే. తియ్యలేదు.

జూన్ పద్నాలుగున లక్ష్మణుడనే కూలీకి యంత్రం తగిలి తొడ తెగింది. రక్తం ఆగేలా జీవరాజు కట్టు బిగించాడు. నేను బండి రాయగడ ఆసుపత్రికి దింపాను. మనిషి బతికాడు, కాలూ నిలిచింది. ఆసుపత్రి కాగితంలో చికిత్స చేసినవాడి సర్టిఫికెట్టు నంబరు రాయాలి. అక్కడ జీవరాజు దొరికిపోయాడు. గడువు తీరినవాడు రోగిని ముట్టుకుంటే ప్రథమ చికిత్స చేసేవాళ్ళ జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. పేరు పోతే ఉద్యోగమూ పోతుంది.

కూర్మారావు మాకంటే ముందే వచ్చి విచారణ జరిగే ఆఫీసు వరండాలో కాచుకున్నాడు.

"త్రినాథా, నీ కాయితం బాగుంది కదా. కట్టు నువ్వే కట్టేవని సెప్పీ. జీవరాజు సాయం పట్టేడంతే. ఎవులికీ నొప్పుండదు."

"మీకు అసలే ఉండదు బాబూ," అన్నాడు జీవరాజు.

"ఎటకారం తరవాత. పేరు కొట్టేస్తే ఏటి సేస్తావు? సర్చిలో పాటలు పాడితే పిల్లల కడుపు నిండుతాదా?"

జీవరాజు నా వంక చూశాడు. "నువ్వేటంటావన్నా?"

"సెప్తాను," అన్నాను.

ముగ్గురం లోపలికి వెళ్ళాం. విచారణ చెయ్యడానికి కోరాపుట్ నుంచి వచ్చిన డాక్టరు కూర్చున్నాడు. హిందీలో అడిగాడు, కట్టు ఎవరు కట్టారని. నేనే అన్నాను. ఆయన ఫైల్లోంచి చీటీ తీశాడు. కట్టు కట్టిన వేళ, పావుగంటకోసారి దాన్ని కాస్త వదులు చేసిన వేళ రాసి రోగి చొక్కాకి పిన్నుతో గుచ్చడం మా పద్ధతి. పదీ ఇరవై, కట్టు. పదీ ముప్ఫై అయిదు, వదులు. పదీ యాభై, వదులు. పదకొండూ అయిదు, వదులు. అంచున రక్తం ఎండి నల్లబడి ఉంది.

"మధ్యలో వదులు చేసిందీ నువ్వేనా?"

"అవును సార్."

"అప్పుడు బండి ఆగి ఉందా?"

"లేదు సార్. నడుస్తోంది."

"ఎవరు నడుపుతున్నారు?"

ఆ సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ ముందు తట్టలేదు. ఆ ఘాటీలో పదకొండేళ్లలో నేను వెనక్కి తిరిగి చూసిందే లేదు.

జీవరాజు లేచి నిలబడ్డాడు. "నేనే సార్. కట్టిందీ నేనే, ఒదులు సేసిందీ నేనే. ఈయన బండే నడిపేడు." తెలుగులోనే అన్నాడు. కూర్మారావు నేల చూస్తూ దాన్ని హిందీలో చెప్పాడు.

డాక్టరు చాలాసేపు రాశాడు. కట్టు బాగా కట్టావని నోటితో అన్నాడు కాని అది కాగితంలో రాయలేదు. పేరు కొట్టెయ్యలేదు. జీవరాజు ఆరు నెలలు బండి ఎక్కకూడదు. కొత్తగా చేరిన కుర్రాళ్ళతో పాటు మొదటి పాఠం నుంచి నేర్చుకుని పరీక్ష రాయాలి. అబద్ధం చెప్పినందుకు నా సర్వీసు పుస్తకంలో ఒక హెచ్చరిక. కూర్మారావు పేరు ఎక్కడా లేదు.

బయటికి వచ్చాం.

"నీకెందుకన్నా ఈ మరక?" అన్నాడు జీవరాజు.

"ఊరుకో."

"నా సోట్లో ఎవులు కూకుంటారు?"

"ఎవుడో ఒకడు."

"ఆడు కట్టిన ఏళ రాయడం మర్సిపోకుండా సూడు."

బండి వెనక తలుపు తీసి, రోగిని పడుకోబెట్టే బల్ల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. అతని భార్య ఏసమ్మ ఇద్దరికీ సరిపడా కట్టి పంపింది. చల్లారిన అన్నం, ఎండు నెత్తళ్ళ పులుసు. అతను నాకు మూతలో పెట్టి, తను గిన్నెలో కలుపుకున్నాడు. ఇంకాస్త కావాలా అని చేత్తోనే అడిగాడు. నేను మూత ముందుకు జరిపాను.